ఫ్రాంక్ జాప్పా ఆల్బమ్‌లలో అన్నిటికన్నా బలహీనమైనది ఏది?

అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పా మొదటి ఆల్బమ్ 'ఫ్రీక్ అవుట్!' 1966లో వచ్చింది. 1993 డిసెంబరు 4న, ప్రోస్టేట్ క్యాన్సర్‌తో 52 ఏళ్ల వయసులో అతను చనిపోయేనాటికి లెక్క 62కు చేరింది. ఆ తర్వాత అతను దాచిపెట్టిన టేపుల్లోంచి తీసి విడుదల చేసినవి అరవైకి పైగానే ఉన్నాయి. ఇద్దరు జాప్పా అభిమానులు కలిస్తే ఏది గొప్పది అనే మాట తొందరగానే తేలిపోతుంది. ఒకరు 'హాట్ ర్యాట్స్' అంటారు, ఇంకొకరు 'వన్ సైజ్ ఫిట్స్ ఆల్' అంటారు, రెండూ గొప్పవే అని ఒప్పుకుంటారు. ఏది అన్నిటికన్నా నాసిరకం అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది, అది ఎంతకీ తెగదు.

ఆ గొడవ నాకు చాలా ఇష్టం. మెచ్చుకునేటప్పుడు అందరూ ఇంచుమించు ఒకేలా మాట్లాడతారు. తప్పు పట్టేటప్పుడే ఎవరు సంగీతంలో ఏం వెతుక్కుంటున్నారో బయటపడుతుంది. జాప్పా విషయంలో మళ్లీ మళ్లీ వినిపించే పేర్లు కొన్ని ఉన్నాయి: 'థింగ్-ఫిష్', 'ఫ్రాన్సెస్కో జాప్పా', 'ది మ్యాన్ ఫ్రమ్ యుటోపియా', 'ఫిల్‌మోర్ ఈస్ట్', 'బ్రాడ్‌వే ది హార్డ్ వే', 'స్టూడియో టాన్'. ఈ పేర్లు చెప్పేవాళ్లు ఒకే విషయం మీద వాదిస్తున్నామని అనుకుంటారు గానీ, నిజానికి నాలుగైదు వేర్వేరు ఫిర్యాదులు ఇక్కడ కలగాపులగంగా ఉన్నాయి. ఒకరికి హాస్యం నచ్చలేదు. ఒకరికి డ్రమ్స్ మోత నచ్చలేదు. ఒకరు విన్నది అసలు రికార్డే కాదు, పదిహేనేళ్ల తర్వాత మార్చిన రూపం. వాటిని విడదీస్తే జాప్పా నిజంగా ఎక్కడ తడబడ్డాడో కనిపిస్తుంది. నా లెక్కలో ఆ తడబాటు చాలావరకు ఒకే కాలంలో, 1980ల మొదటి సగంలో ఉంది. అతని చేతిలో సొంత స్టూడియో, సొంత లేబుల్ ఉండి, "ఇది వద్దు" అని చెప్పే మనిషి పక్కన లేని కాలం అది.

జాప్పాను ఇప్పుడే వినడం మొదలుపెట్టినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. 1940లో బాల్టిమోర్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగిన కుర్రాడు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో అతన్ని రెండు సంగీతాలు ఒకేసారి పట్టుకున్నాయి. ఒకటి ఎడ్గార్ వరేజ్ ఆధునిక సంగీతం. ప్రధానంగా తాళవాద్యాల కోసమే రాసిన 'అయనైజేషన్' లాంటి రచనలు. రెండోది నల్లజాతి గాయకుల రిథమ్ అండ్ బ్లూస్, గుంపుగా గొంతులు కలిపి పాడే డూ-వాప్ పాటలు. ఈ రెండిటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అనే తేడా అతను జీవితంలో ఎప్పుడూ పాటించలేదు. దీనికి వెటకారం తోడైంది. అలా మూడు పాయలు: స్వరాలు కాగితం మీద రాసే స్వరకర్త, బ్లూస్ గిటార్ వాయించేవాడు, అమెరికా సమాజాన్ని ఎగతాళి చేసేవాడు. ఒక్కో ఆల్బమ్‌లో ఒక్కో పాయ పైకి వస్తుంది. శ్రోత ఏ పాయ పట్టుకుని లోపలికి వచ్చాడన్నదాన్ని బట్టి మిగతా రెండూ అతనికి బరువుగా అనిపిస్తాయి. మొదటి గందరగోళం ఇక్కడే పుడుతుంది.

'ఫిల్‌మోర్ ఈస్ట్, జూన్ 1971' దీనికి సరైన ఉదాహరణ. టర్టిల్స్ బ్యాండ్ నుంచి వచ్చిన మార్క్ వోల్‌మన్, హోవర్డ్ కేలన్ అప్పుడు జాప్పా దగ్గర ముఖ్య గాయకులు. పాత బ్యాండ్ ఒప్పందాల వల్ల సొంత పేర్లు వాడుకోలేక ఫ్లో, ఎడ్డీ అనే పేర్లతో పాడారు. రికార్డులో ఎక్కువ భాగం టూర్‌లో ఉన్న రాక్ బ్యాండ్, దాని వెంట తిరిగే అమ్మాయిల మీద పచ్చి హాస్యం. 'హాట్ ర్యాట్స్' విని వచ్చినవాడికి ఇది పతనంలా కనిపిస్తుంది. కానీ ఆ ఇద్దరూ ఎంత బాగా పాడుతున్నారో, వాళ్ల వెనక బ్యాండ్ ఎంత చురుగ్గా మలుపులు తిరుగుతోందో వినండి. ఇది వేదిక మీద ఆడిన నాటకానికి రికార్డింగ్. దాని పరిధి చిన్నది, అంతే. అనుకున్నది అనుకున్నట్టు చేసిన రికార్డును బలహీనం అనడానికి నాకు మనసొప్పదు. అదే ఏడాది వచ్చిన '200 మోటెల్స్' సినిమా సంగీతం గురించి మాత్రం ఆ మాట అనలేను. ఆర్కెస్ట్రా, బ్యాండ్, సంభాషణలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి.

గిటార్ సోలోల మీద ఫిర్యాదు కూడా ఇలాంటిదే. 1981లో వచ్చిన 'షటప్ అండ్ ప్లే యర్ గిటార్' మూడు రికార్డులు, 1988లో వచ్చిన 'గిటార్' రెండు సీడీలు. రెండిటిలోనూ పాటలు తీసేసి సోలోలు మాత్రమే ఉంచాడు. కింద ఒకటి రెండు స్వరగుచ్ఛాలే (కార్డ్‌లు) తిరుగుతూ ఉంటాయి, పైన ఐదు, పది నిమిషాలు గిటార్ నడుస్తుంది. "ఎంతసేపటికీ ఏమీ మారదేం" అని రాక్ శ్రోతలు విసుక్కుంటారు. శ్రుతి మీద ఆలాపన విని పెరిగిన మన చెవికి ఇందులో వింతేమీ ఉండదు. ఇది నేను కల్పించిన పోలిక కూడా కాదు. కర్ణాటక సంగీతంలో తయారైన వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ 1978లో జాప్పాతో కలిసి వేదిక మీద వాయించాడు. ఆ ఏడాది అక్టోబరులో న్యూయార్క్‌లో పదమూడు అక్షరాల లెక్కలో వాళ్లు వాయించిన 'థర్టీన్' తర్వాత ఒక లైవ్ సంకలనంలో వచ్చింది. మరుసటి ఏడాది శంకర్ ఆల్బమ్ 'టచ్ మీ దేర్'ను జాప్పాయే నిర్మించాడు. 'గిటార్' ఆల్బమ్‌ను బలహీనమైన వాటి జాబితాలో చూసినప్పుడల్లా ఈ 'థర్టీన్' రికార్డింగ్ ఒకసారి విని మాట్లాడమని చెప్పాలనిపిస్తుంది.

రెండో గందరగోళం జాప్పా చేతిలో లేని ఆల్బమ్‌లది. 1970ల చివర్లో వార్నర్ బ్రదర్స్ కంపెనీతో అతనికి పెద్ద తగాదా వచ్చింది. ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన ఆల్బమ్‌ల టేపులు 1977లో ఒకేసారి ఇచ్చేశాడు. డబ్బు దగ్గర పేచీ వచ్చింది. అదే సామగ్రిని 'లేథర్' అనే పేరుతో నాలుగు ఎల్పీల పెట్టెగా వేరే కంపెనీ ద్వారా తేవాలని చూశాడు. అది ఆగిపోయింది. ఆ డిసెంబరులో పాసడీనాలోని ఒక రేడియో స్టేషన్‌కు వెళ్లి, మొత్తం ఆల్బమ్ గాలిలో వినిపించి, ఇంట్లో టేప్ చేసుకోమని శ్రోతలకు చెప్పాడు. తర్వాత వార్నర్ సంస్థ 'స్టూడియో టాన్', 'స్లీప్ డర్ట్', 'ఆర్కెస్ట్రల్ ఫేవరిట్స్' అనే మూడిటిని 1978, 1979లలో అతని అనుమతి లేకుండా విడుదల చేసింది. అట్ట మీద బొమ్మ కూడా అతను ఎంచుకున్నది కాదు. ఎవరు ఏం వాయించారో సరైన వివరాలు లేవు.

అట్ట చూసి, హడావుడి చూసి, ఈ మూడిటినీ చిల్లర సరుకు కింద కట్టేసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 'స్టూడియో టాన్' మొదటి వైపంతా నిండి ఉండేది 'గ్రెగరీ పెకరీ' అనే ఇరవై నిమిషాల రచన. కథ, ఆర్కెస్ట్రా, కార్టూన్ సంగీతం, జాజ్ అన్నీ అందులో ఒకే శ్వాసలో సాగుతాయి. జాప్పా చేసిన అత్యుత్తమమైన ఐదారు పనుల్లో అది ఒకటి అని నా గట్టి నమ్మకం. 'లేథర్' అసలు రూపంలో 1996లో, అతను పోయాక మూడేళ్లకు బయటికి వచ్చింది. ఆ క్రమంలో వింటే ఈ ముక్కలన్నీ ఎక్కడివక్కడ అమరుతాయి.

మూడోది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. కొన్ని ఆల్బమ్‌లను జాప్పా తన చేతులతోనే పాడుచేశాడు.

1968లో వచ్చిన 'క్రూజింగ్ విత్ రూబెన్ అండ్ ది జెట్స్' యాభైల నాటి డూ-వాప్ పాటలకు అతను రాసుకున్న ప్రేమలేఖ. కొంత వెక్కిరింత ఉంది, ప్రేమ అంతకన్నా ఎక్కువ ఉంది. రే కాలిన్స్ పాడుతుంటే వెనక తేలికైన డ్రమ్స్, మెత్తని బాస్. 1980ల మధ్యలో పాత రికార్డులను తిరిగి విడుదల చేసే సమయం వచ్చినప్పుడు, జాప్పా ఈ టేపుల్లోని బాస్, డ్రమ్స్ తీసేసి అప్పటి తన బృందంలోని ఆర్థర్ బారో, చాడ్ వ్యాకర్‌మన్‌లతో కొత్తగా వాయింపించి అతికించాడు. 'వీ ఆర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ది మనీ'కి కూడా అదే గతి పట్టింది. పాత టేపులు దెబ్బతిన్నాయనే కారణం చెప్పారు. టేపుల పరిస్థితి ఏదైనా, ఫలితం చెవికి తెలిసిపోతుంది. 1968 నాటి గొంతుల కింద 1984 నాటి డిజిటల్ డ్రమ్స్ దబదబా మోగుతుంటాయి. బారో, వ్యాకర్‌మన్ ఇద్దరూ అద్భుతమైన వాద్యకారులు, లోపం వాళ్లది కాదు. యాభైల పాటల వాతావరణంలో ఆ శబ్దానికి చోటు లేదు.

'మనీ' అసలు మిక్స్ 1995లో సీడీ మీద తిరిగి వచ్చింది. 'రూబెన్' అసలు మిక్స్ కోసం 2010 దాకా ఆగాల్సి వచ్చింది, అది కూడా 'గ్రీజీ లవ్ సాంగ్స్' అనే వేరే పేరుతో. అంటే ఇరవై ఏళ్లకు పైగా సీడీలో 'రూబెన్' విని "ఇది జాప్పా ఆల్బమ్‌లలో అట్టడుగున ఉండాలి" అన్నవాళ్లందరూ విన్నది వేరే వస్తువు. 'స్లీప్ డర్ట్' కథా అంతే. 1979లో పాటల్లేని వాద్య సంగీతంగా వచ్చింది. 1991 సీడీలో కొన్నిటికి థానా హ్యారిస్ గొంతు, కొత్త డ్రమ్స్ చేర్చారు. ఆ పాటలు మొదట ఒక సంగీత నాటకం కోసం రాసినవి కాబట్టి మాటలు పెట్టడం జాప్పా దృష్టిలో సబబే. నాకు పాతదే నచ్చుతుంది. ఎవరైనా ఈ ఆల్బమ్‌లను తిడితే ముందు అడగాల్సిన ప్రశ్న: మీరు విన్నది ఏ సంవత్సరపు ముద్రణ?

ఈ మూడు చిక్కులూ తీసేశాక మిగిలేది 1980ల గొడవ. ఇక్కడ కొంచెం నిదానించాలి.

1979 చివరికల్లా లాస్ ఏంజిలస్‌లో జాప్పా ఇంట్లోనే సొంత స్టూడియో సిద్ధమైంది. 1981లో బార్కింగ్ పంప్‌కిన్ అనే సొంత లేబుల్ వచ్చింది. వార్నర్ చేతిలో అంత నలిగిన మనిషికి ఇది విముక్తి అనడంలో సందేహం లేదు. స్టూడియో అద్దె గంటలు లెక్కపెట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే అంతకుముందు అతని మీద ఉన్న అడ్డంకులు కొన్ని అతనికి మేలే చేశాయి. మొదటి ఆల్బమ్‌కు టామ్ విల్సన్ లాంటి నిర్మాత ఉన్నాడు. 1973, 1974లలో జార్జ్ డ్యూక్, రూత్ అండర్‌వుడ్, నెపోలియన్ మర్ఫీ బ్రాక్ లాంటి వాళ్లు బ్యాండ్‌లో ఉండి, రాసిచ్చిన స్వరాలకు తమ స్వభావాన్ని జోడించారు. పాటలు నెలల తరబడి వేదిక మీద ప్రేక్షకుల ముందు నలిగి, రికార్డు దాకా వచ్చేసరికి గట్టిపడేవి. ఇంటి స్టూడియోలో రాత్రంతా ఒంటరిగా కూర్చుని ఓవర్‌డబ్‌లు చేసుకునే పద్ధతిలో ఈ వడపోత తగ్గిపోయింది.

1983లో వచ్చిన 'ది మ్యాన్ ఫ్రమ్ యుటోపియా' ఈ కాలానికి అద్దం. చాలామంది దీన్ని ఎందుకు తిడతారో దానికే నేను దీన్ని మెచ్చుకుంటాను. 'ది డేంజరస్ కిచెన్', 'ది జాజ్ డిశ్చార్జ్ పార్టీ హ్యాట్స్' అనే రెండిటిలో జాప్పా పాడడు, మాట్లాడడు. రెండిటికీ మధ్యలో ఏదో చేస్తూ వేదిక మీద అప్పటికప్పుడు అల్లుకుపోతాడు. తర్వాత గిటారిస్టు స్టీవ్ వై ఆ మాటల ఎత్తుపల్లాలన్నీ స్వరాలుగా రాసుకుని, ఒక్కో అక్షరానికి తగ్గట్టు గిటార్ వాయించి పైన చేర్చాడు. మనిషి మామూలుగా మాట్లాడే తీరులో ఎంత సంక్లిష్టమైన లయ దాగి ఉందో చూపించిన ప్రయోగం అది. వినడానికి కష్టమే. కానీ ప్రయోగం చేసేవాణ్ని ప్రయోగం చేసినందుకు తప్పు పట్టడం ఏం న్యాయం? ఆ ఆల్బమ్‌లో అసలు బలహీనత 'సెక్స్', 'స్టిక్ టుగెదర్' లాంటి పాటల్లో ఉంది. ఒక్క ఆలోచన తీసుకుని, ఒక్క తాళంలో పెట్టి, ముందుకు తీసుకెళ్లకుండా వదిలేశాడు. 'స్టిక్ టుగెదర్'లో కార్మిక సంఘాల మీద కోపం ఉంటే ఉండనీ, దాన్ని పాటగా మలిచే ఓపిక కనిపించదు. వీటి పక్కనే 'మోజియో' లాంటి గట్టి వాద్య రచన ఉంది. సీడీ వచ్చినప్పుడు పాటల క్రమం మార్చి, మళ్లీ మిక్స్ చేసి, ఒక పాట కూడా చేర్చాడంటే ఇది కుదరలేదని అతనికీ అనిపించి ఉండాలి.

ఆర్కెస్ట్రా రికార్డుల మీద ఫిర్యాదును త్వరగా దాటేస్తాను. 1983 జనవరిలో కెంట్ నగానో నిర్వహణలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగ్‌లో తప్పులు చాలా ఉన్నాయని జాప్పాయే అందరికన్నా గట్టిగా చెప్పాడు. విరామంలో ట్రంపెట్ వాళ్లు పబ్‌కు వెళ్లి ఆలస్యంగా వచ్చారని, 'స్ట్రిక్ట్‌లీ జెంటీల్'ను లెక్కలేనన్ని టేప్ కత్తిరింపులతో అతికించాల్సి వచ్చిందని అతనే రాసుకున్నాడు. వాయించడంలో లోపాలున్నా రచన నిలబడుతుంది. ఆ సంగీతాన్ని సరిగ్గా వాయించగల బృందం, జర్మనీకి చెందిన ఎన్‌సాంబుల్ మోడర్న్, అతనికి జీవితం చివర్లో దొరికింది. 1993లో వచ్చిన 'ది యెల్లో షార్క్' వినండి.

ఇక 1984. ఆ ఏడాది రెండో సగంలో జాప్పా నాలుగు ఆల్బమ్‌లు విడుదల చేశాడు. పియేర్ బూలెజ్ నిర్వహించిన రచనలున్న 'ది పర్‌ఫెక్ట్ స్ట్రేంజర్', రాక్ బ్యాండ్‌తో 'దెమ్ ఆర్ అస్', తర్వాత 'ఫ్రాన్సెస్కో జాప్పా', 'థింగ్-ఫిష్'. ఇరవయ్యో శతాబ్దపు అతి కఠినమైన స్వరకర్తల్లో ఒకడైన బూలెజ్‌తో పని చేసిన మనిషే, అదే ఏడాది తన పేరు మీద అన్నిటికన్నా ఎక్కువ తిట్లు తిన్న రెండు రికార్డులూ తెచ్చాడు. ఎంత పని చేశాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, వెంటనే కొంత ఆగి ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.

ఫ్రాన్సెస్కో జాప్పా పద్దెనిమిదో శతాబ్దంలో మిలాన్‌కు చెందిన చెల్లో వాద్యకారుడు, స్వరకర్త. ఇంటిపేరు ఒకటే గానీ బంధుత్వం ఏమీ లేదు. అప్పుడే కొన్న సింక్లావియర్ అనే కంప్యూటర్ వాద్యంలోకి ఆ పాత స్వరాలను సహాయకుడు డేవిడ్ ఆకర్ ఎక్కించాడు. సింక్లావియర్‌తోనే పూర్తిగా చేసిన జాప్పా మొదటి ఆల్బమ్ ఇది. సంగీతం మర్యాదగా, పద్ధతిగా సాగిపోతుంది. వాద్యం గొంతు మాత్రం గట్టిగా, ప్లాస్టిక్‌లా ఉండి, ప్రతి స్వరం ఒకే బరువుతో పడుతుంది. ఇందులో స్వరకర్త జాప్పా లేడు, గిటార్ జాప్పా లేడు, వెటకారం కూడా పేరులో ఉన్నంతే. కొత్త యంత్రాన్ని నేర్చుకుంటూ చేసిన అభ్యాసం లాంటిది. అందరి జాబితాల్లోనూ ఇది అడుగున ఉండటం సహజమే. కానీ పోగొట్టుకునేది ఏమీ లేని చోట ఓడిపోయాడని ఎలా అంటాం? ఈ అభ్యాసం నుంచే రెండేళ్లకు 'జాజ్ ఫ్రమ్ హెల్' వచ్చింది. ఒక్క గిటార్ సోలో మినహా అంతా సింక్లావియరే. ఆ ఆల్బమ్‌కు గ్రామీ కూడా వచ్చింది.

'థింగ్-ఫిష్' అలా కాదు. ఇది మూడు ఎల్పీల పెద్ద నాటకం, జాప్పా చాలా ఆశ పెట్టుకున్న పని. కథ ఇదీ: ఒక దుష్ట రాకుమారుడు నల్లజాతివాళ్లనూ స్వలింగ సంపర్కులనూ లక్ష్యంగా పెట్టుకుని ఒక రోగాన్ని తయారు చేస్తాడు. దాన్ని జైలు ఖైదీల మీద పరీక్షిస్తే, వాళ్లు చావకుండా వికృత రూపాల్లోకి మారిపోతారు. వాళ్ల నాయకుడు థింగ్-ఫిష్. బ్రాడ్‌వే నాటకం చూద్దామని వచ్చిన హ్యారీ, రోండా అనే తెల్లజాతి దంపతులను వాళ్లు ఈ కథలోకి ఈడుస్తారు. ఎయిడ్స్ భయం అమెరికాను పట్టి ఊపుతున్న 1984 అది. అధికారంలో ఉన్నవాళ్లు ఎవరి చావుకు బాధపడతారు, ఎవరి చావును పట్టించుకోరు అనే ప్రశ్న అప్పట్లో రాక్ సంగీతంలో అడిగినవాళ్లు చాలా తక్కువ. ఆ ఆలోచనలో ధైర్యం ఉంది, కాదనను.

అభ్యంతరాలు మొదలయ్యేది భాష దగ్గర. థింగ్-ఫిష్ పాత్రను నల్లజాతి గాయకుడు ఐక్ విల్లిస్ పలికాడు. ఆ యాస 'ఏమస్ అండ్ యాండీ' అనే పాత ప్రహసనంలోని కింగ్‌ఫిష్ పాత్రను గుర్తు చేసేలా ఉంటుంది. 1920ల చివర్లో తెల్లజాతి నటులు నల్లవాళ్ల గొంతులు అనుకరిస్తూ రేడియోలో మొదలుపెట్టిన కార్యక్రమం అది. తర్వాత టీవీలోకి వచ్చినప్పుడు నల్లజాతి సంఘాలు గట్టిగా నిరసన తెలిపాయి. ఆ అవమానాన్నే తిప్పికొట్టడానికి ఆ యాస వాడాడని జాప్పాను సమర్థించేవాళ్లు అంటారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. విల్లిస్ ఆ పాత్రలో మామూలు ప్రతిభ చూపలేదు. అయితే స్వలింగ సంపర్కుల మీద ఇందులో వేసిన జోకుల్లో తిప్పికొట్టడం అనేదేమీ నాకు వినిపించదు. రోగానికి బలవుతున్న మనుషుల పక్షాన కథ నడుపుతూ, వాళ్లనే నవ్వులపాలు చేస్తే కథ వెన్ను విరిగిపోతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. జాప్పా పాటల్లో మనసు నొప్పించేవి ఇంకా చాలా ఉన్నాయి. 1979లో 'షేక్ యర్‌బూటీ'లోని 'జూయిష్ ప్రిన్సెస్' మీద యూదు సంస్థ ఒకటి నిరసన తెలిపింది. అదే ఆల్బమ్‌లోని 'బాబీ బ్రౌన్' అమెరికా రేడియోలో వేయలేని పాట, నార్వే, జర్మనీల్లో మాత్రం పెద్ద హిట్. అవి నొప్పిస్తాయి గానీ సంగీతంగా బిగువుగా ఉంటాయి. నచ్చకపోవడానికీ బలహీనంగా ఉండటానికీ మధ్య దూరం అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. 'థింగ్-ఫిష్' దగ్గర ఆ రెండూ కలిసిపోయాయి, ఎందుకంటే సంగీతమే కొత్తగా తక్కువ రాశాడు. 'యూ ఆర్ వాట్ యూ ఈజ్', 'మడ్ క్లబ్', 'ది మీక్ షల్ ఇన్హెరిట్ నథింగ్' 1981 నాటి ఆల్బమ్‌వి. 'ది టార్చమ్ నెవర్ స్టాప్స్' 1976 నాటి 'జూట్ అల్యూర్స్'లోని 'ది టార్చర్ నెవర్ స్టాప్స్' పాటే. 'గెలూట్ అప్-డేట్' కింద ఉన్నది 'ది బ్లూ లైట్'. ముగింపులో వచ్చే 'వన్ టన్ ఆన్' అయితే 'నో నాట్ నౌ' అనే పాటను తిరగేసి నడిపినదే. ఈ పాత ట్రాక్‌ల మీద థింగ్-ఫిష్ గొంతు ఆగకుండా కథ చెబుతూనే ఉంటుంది. పాట ఊపందుకునేలోపే వ్యాఖ్యానం దాన్ని మింగేస్తుంది. గంటన్నర ఇలాగే.

రికార్డుల పంపిణీ చేయాల్సిన ఎంసీఏ కంపెనీ ఇందులోని మాటలు విని వెనక్కి తగ్గింది. వేరే కంపెనీ ద్వారా తేవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో జాప్పా అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని, పాటల మాటల మీద హెచ్చరిక చీటీలు అంటించే ప్రతిపాదనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఆ పోరాటం పట్ల నాకు పూర్తి గౌరవం ఉంది. అంతమాత్రాన సెన్సార్ భయానికి గురైన ప్రతి రికార్డూ మంచి రికార్డు అయిపోదు. 'థింగ్-ఫిష్'ను సమర్థించేటప్పుడు ఈ రెండు విషయాలనూ చాలామంది కలిపేస్తుంటారు.

'బ్రాడ్‌వే ది హార్డ్ వే' గురించి రెండు మాటలు చెప్పాలి. 1988 టూర్‌లోంచి తీసిన ఈ ఆల్బమ్ నిండా అప్పటి అమెరికా ఎన్నికలు, టీవీలో ప్రసంగాలు చేసే మత ప్రచారకులు. జిమ్మీ స్వాగర్ట్, ప్యాట్ రాబర్ట్‌సన్ ఎవరో తెలియని ఈనాటి శ్రోతకు, అందులోనూ మనలా దూరం నుంచి వినేవాళ్లకు సగం జోకులు అందవు. పాతబడిపోవడం ఒక రకం లోపమే. కానీ వెనక వాయిస్తున్నది పన్నెండు మంది బ్యాండ్, జాప్పా దగ్గర పని చేసిన అత్యుత్తమ బృందాల్లో ఒకటి. బాస్ వాద్యకారుడు స్కాట్ తూన్స్‌తో మిగతావాళ్లకు పడక ఆ టూర్ మధ్యలోనే ఆగిపోయి, జాప్పాకు లక్షల డాలర్ల నష్టం వచ్చింది. ఆ బ్యాండ్ అసలు శక్తి చూడాలంటే 1991లో వచ్చిన 'మేక్ ఎ జాజ్ నాయిజ్ హియర్' వినాలి.

జాప్పాను పూర్తిగా వెనకేసుకొచ్చేవాళ్లకు ఒక పెద్ద ఆధారం ఉంది. తన పని అంతా కలిపి ఒకే రచన అని అతను మొదటి నుంచీ చెప్పేవాడు. ఒక ఆల్బమ్‌లోని స్వరం ఇంకోదాంట్లో తేలుతుంది, ఒక టూర్‌లో వాయించిన సోలో వేరే పాట మీద అతుక్కుంటుంది, అతని పాటల్లోని పూడిల్ కుక్క పదేళ్ల తేడాతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అలాంటప్పుడు ఒక ముక్కను విడదీసి బలహీనం అనడం తప్పు అని వాళ్ల వాదన. పాత ట్రాక్‌లు తిరిగి వాడినందుకు 'థింగ్-ఫిష్'ను తప్పు పట్టేవాళ్లకు వాళ్లు ఇదే జవాబు చెబుతారు. వినడానికి బలమైన జవాబే.

దానికి నా సమాధానం జాప్పా చివరి పెద్ద రచనలోనే ఉంది. 1994లో, అతను పోయాక వచ్చిన 'సివిలైజేషన్ ఫేజ్ త్రీ' కూడా పాత టేపులతో కట్టినదే. 1967లో న్యూయార్క్ స్టూడియోలో కొందరిని ఒక పెద్ద పియానో మూత కింద కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేసిన సంభాషణలు, 1991లో అలాగే వేరేవాళ్లతో చేసిన సంభాషణలు, వాటి మధ్యలో ఏళ్ల తరబడి సింక్లావియర్ మీద చెక్కిన సంగీతం. 'థింగ్-ఫిష్' పద్ధతీ ఇదే: పాత సరుకు, కొత్త కథ, మాట, పాట. 'ఫ్రాన్సెస్కో' యంత్రమూ ఇదే. కానీ ఇక్కడ మాట ఆగి సంగీతానికి దారి ఇస్తుంది. పద్దెనిమిది నిమిషాల 'ఎన్-లైట్'లో ఒక్క క్షణం కూడా వెనకటి పని మీద ఆధారపడి బతకడు. పాతదాన్ని తిరిగి వాడటం లోపం కాదని, వాడినప్పుడు దాని మీద మళ్లీ శ్రమ పడ్డాడా లేదా అన్నదే తేడా అని నేను ఇది విన్నాకే నమ్మాను.

అందుకే నా ఓటు 'థింగ్-ఫిష్'కే. 'రూబెన్' 1980ల మిక్స్ దాని పక్కనే ఉంటుంది, అయితే అసలుది ఇప్పుడు దొరుకుతోంది కాబట్టి ఆ నష్టం తీరినట్టే. 'ఫ్రాన్సెస్కో'ను పోటీలోంచే తీసేస్తాను. 'యుటోపియా'లో సగం పాటలకు గట్టిగా నిలబడతాను. 'థింగ్-ఫిష్' కొనేముందు మాత్రం అందులోని 'బ్రౌన్ మోజెస్' ఒక్కటీ విడిగా వినండి. పాడింది జాని 'గిటార్' వాట్సన్, కుర్రాడిగా జాప్పా ఆరాధించిన బ్లూస్ గిటారిస్టు. చర్చిలో పాడే పద్ధతిలో నెమ్మదిగా సాగే కొత్త పాట అది. ఆల్బమ్ అంతా ఈ స్థాయిలో రాసి ఉంటే ఈ చర్చలో దాని పేరే వచ్చేది కాదు.